పికప్‌కు వెనక డ్రమ్ములు తీసి డిస్కులు వేయడం ఎలా? హ్యాండ్ బ్రేకు చెడకుండా

విశాఖ ఆటోనగర్‌లో ఎవర్నడిగినా ఇది ఒక్క రోజు పనంటారు. నిజమే, ఒక్క రోజులోనే అయిపోతుంది. సాయంత్రానికి చక్రాల సందుల్లోంచి కొత్త డిస్కులు మెరుస్తుంటాయి, ఓనరు ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంటాడు. వారం తిరక్కుండా ఫోను: "గురువుగారూ, పెడల్ కిందకి పోతోంది. ఎన్నిసార్లు ఎయిర్ తీసినా మళ్లీ అంతే." ఎయిర్ తీస్తే ఎందుకు తగ్గుతుంది? చాలాసార్లు రోగం ఆయిల్లో ఉండదు, హ్యాండ్ బ్రేక్ కేబుల్లో ఉంటుంది. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ కేబుల్ గురించే చెబుతాను. మిగతా పని పానా పట్టడం వచ్చినవాడు ఎవడైనా చేసేస్తాడు.

ఏ బండికి, ఎందుకు

పోర్టు రోడ్డు మీద తిరిగే పెద్ద లారీల సంగతి కాదు ఇది. వాటివి గాలి బ్రేకులు. హ్యాండ్ బ్రేకు వేస్తే బండిని పట్టేది చాంబర్లోని స్ప్రింగు. ఆ చాంబరు తెలియక విప్పితే ప్రాణం మీదకొస్తుంది, దాని జోలికి పోకండి. నేను చెప్పేది ఆయిల్ బ్రేకులు, వెనక కమాన్ పట్టీలు ఉన్న పాత పికప్పుల గురించి. ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రం లాకవకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి అయితే ఇక్కడితో చదవడం ఆపేయండి. చక్రం సెన్సారు ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద తలనొప్పి. పైగా లోపలి కంప్యూటరు డ్రమ్ముల లెక్కతో ప్రెషర్ వదులుతుంది, మీరు డిస్కులు వేశారని దానికి ఎవరు చెబుతారు?

డిస్కులు వేస్తే బండి సగం దూరంలో ఆగిపోతుందనే మాట నమ్మకండి. చివరికి బండిని ఆపేది టైరు పట్టు. గట్టిగా తొక్కినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఎక్కువ పని ముందు బ్రేకులదే. వెనక డిస్కుల లాభం రెండు చోట్ల తెలుస్తుంది. వానలో నీళ్లు నిలిచిన రోడ్డు దాటితే డ్రమ్ములో దూరిన తడి ఓ పట్టాన పోదు, డిస్కయితే రెండుసార్లు తొక్కేసరికి ఆరిపోతుంది. రెండోది ఘాట్ రోడ్డు. అరకు నుంచి అనంతగిరి మీదుగా లోడుతో దిగేటప్పుడు డ్రమ్ము వేడికి సాగి, లోపలి నుంచి దాన్ని ఒత్తి ఆపే షూలకు దూరం జరుగుతుంది, పెడల్ లోతుకు పోతుంది. డిస్కు వేడెక్కితే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది, ఆ బాధ లేదు. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు తోలే బండ్లకు ఇంకో సంగతి ఉంది: ఐసు కరిగిన ఉప్పునీళ్లు వెనక యాక్సిల్ మీద కారి డ్రమ్ములోపలి లివర్లు బిగుసుకుపోతాయి. తుప్పు డిస్కు బ్రేకులకూ పడుతుంది గానీ కంటికి కనిపిస్తుంది, సరిచేసుకోవచ్చు.

ఇవేవీ మీకు లేవనుకోండి. గాజువాక నుంచి ఆనందపురం దాకా హైవే మీద తిరగడమే మీ పని అనుకోండి. ఉన్న డ్రమ్ములకే మంచి లైనింగు వేయించి అడ్జస్ట్ చేయించుకోండి. డబ్బు మిగులుతుంది.

ఒక్క ముక్క చట్టం గురించి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల మీద ఆంక్షలు పెట్టింది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. పని మొదలుపెట్టక ముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర అడిగి, వాళ్లు చెప్పింది కాగితం మీద తీసుకోండి. పసుపు నంబరు ప్లేటు బండి అయితే మరీ జాగ్రత్త, ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు, వెళ్లాలి కదా.

సామాను

డిస్కులు రెండు, హ్యాండ్ బ్రేక్ లివరు ఉన్న క్యాలిపర్లు (ప్యాడ్లతో డిస్కును రెండు పక్కలా పట్టేవి) కుడి ఎడమ జత, బ్రాకెట్లు, కొత్త రబ్బరు హోసులు, హోసును క్యాలిపర్‌కు బిగించే బాంజో బోల్టుకు కొత్త రాగి వాషర్లు, యాక్సిల్ ఆయిల్ సీళ్లు, కొత్త హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు, సీలు విప్పని డాట్ 4 బ్రేక్ ఆయిలు. సిలికాన్‌తో చేసే డాట్ 5 వేరే జాతి, దాన్ని వీటితో కలపకూడదు. స్క్రాపులో క్యాలిపర్లు కొంటే అవి ఏ మోడల్ నుంచి వచ్చాయో రాసి పెట్టుకోండి. రేపు ప్యాడ్లు అయిపోయాక షాపులో "అన్నా, ఇలాంటివే" అని పాత ప్యాడ్ చూపిస్తే పని జరగదు. పాత కేబుల్ మాత్రం వాడొద్దు. సముద్రం పక్కన ఊరు మనది. పైన గొట్టం బాగానే ఉంటుంది, లోపలి తీగ తుప్పు తిని ఉంటుంది.

విప్పడం

చదునైన చోట పెట్టి, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు అడ్డం వేసి, వెనక లేపి స్టాండ్ల మీద దించండి. జాకీ మీద వదిలేసి కిందకి దూరేవాడికి నేను పని నేర్పను. హ్యాండ్ బ్రేకు వదిలి, లోపలి అడ్జస్టర్ వెనక్కి తిప్పి డ్రమ్ము లాగండి. ధూళిని ఎయిర్ గన్‌తో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. నీళ్లతో తడిపి గుడ్డతో తుడవండి, ఆ గుడ్డ పారేయండి. షూలు, వాటిని తోసే వీల్ సిలిండరు తీసేయండి. చాలా పికప్పుల్లో షూలు బిగించి ఉండే బ్యాక్ ప్లేటు బయటికి రావాలంటే యాక్సిల్ షాఫ్టు లాగాలి, కింద ట్రే పెట్టుకోండి, క్రౌన్ ఆయిల్ కారుతుంది. షాఫ్టు బయటికొచ్చిందంటే సీలు మార్చాల్సిందే. పాతది బాగానే ఉందని వదిలేస్తే నెల తిరక్కుండా కొత్త ప్యాడ్ల మీద ఆయిలు కారుతుంది.

బ్రాకెట్టు, డిస్కు

బ్రాకెట్టు గ్యాస్ కట్టింగుతో కోసిన రేకు కాకూడదు. మందపాటి ప్లేటును మిల్లింగ్ చేయించి, బ్యాక్ ప్లేటు బోల్టు రంధ్రాలకే బిగించండి. బోల్టులు 10.9 గ్రేడు వాడండి. యాక్సిల్ గొట్టానికి వెల్డింగు పెట్టించడం నా దగ్గర నిషిద్ధం. వేడికి గొట్టం వంగితే బేరింగు పోతుంది. "మేం ఎన్ని బండ్లకు పెట్టలేదు" అని లేత్ దగ్గర అంటారు, వినకండి.

డిస్కు మధ్య రంధ్రం హబ్బు ఉబ్బెత్తు మీద సరిగ్గా కూర్చోవాలి. బోల్టుల మీద వేలాడే డిస్కు ఎప్పటికైనా అదురుతుంది. హబ్బు ముఖం మీద తుప్పంతా గీకి, డిస్కు పెట్టి, వీల్ నట్లు వాషర్లతో బిగించి, డయల్ గేజితో చుట్టూ చూడండి. ఊగు 0.1 మి.మీ. దాటితే డిస్కు తిప్పి పెట్టండి, అప్పటికీ తగ్గకపోతే హబ్బు చూసుకోండి. క్యాలిపర్ మధ్యలో డిస్కు సమంగా రావాలి. స్లైడ్ పిన్నులు చేత్తో తోస్తే కదలాలి. చక్రం లోపలి అంచుకి, క్యాలిపర్‌కి మధ్య కనీసం 3 మి.మీ. ఉండేట్టు చూడండి.

ఇక్కడ అందరూ పడే గోతి ఒకటుంది. క్యాలిపర్‌లో గాలి బయటికి వదిలే బ్లీడర్ నిప్పల్ పై వైపు ఉండాలి. కుడి క్యాలిపర్ ఎడమకి, ఎడమది కుడికి వేస్తే నిప్పల్ కిందకి వస్తుంది, పైన ఉన్న గాలి జన్మలో బయటికి రాదు.

ఆయిల్ వైపు

డ్రమ్ముల కోసం చేసిన కొన్ని పాత మాస్టర్ సిలిండర్లలో (పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసేవి) వెనక లైనుకు 10 పీఎస్ఐ దగ్గర ప్రెషర్ నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది. డ్రమ్ములో స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి కాబట్టి అది చెల్లింది. డిస్కుకు స్ప్రింగు లేదు, ఆ కాస్త ప్రెషరే ప్యాడ్లను ఎప్పుడూ రుద్దిస్తుంది. అలాంటి వాల్వు ఉంటే తీసేయాలి.

రెండోది లెక్క. 22 మి.మీ. వీల్ సిలిండర్ పిస్టన్ వైశాల్యం 3.8 చదరపు సెంటీమీటర్లు, 43 మి.మీ. క్యాలిపర్ పిస్టన్‌ది 14.5. అదే ప్రెషర్‌కు దాదాపు నాలుగు రెట్ల తోపు. దాంతో బ్రేకు నాలుగు రెట్లు అవదు. డ్రమ్ములో తిరిగే చక్రమే షూని లోపలికి లాక్కుంటుంది, డిస్కులో ఆ సాయం లేదు. అందుకే ఏ క్యాలిపర్ దొరికితే అది వేసేయకుండా, మీ బండి బరువుకు దగ్గరి బండిది చూడండి. పెద్ద పిస్టన్‌కు మాస్టర్ ఇచ్చే ఆయిల్ చాలదు, పెడల్ లోతవుతుంది. వెనక లోడు చూసి ప్రెషర్ సర్దే వాల్వు, అంటే యాక్సిల్‌కు కడ్డీతో కలిపి ఉండేది, ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి. ఖాళీ పికప్‌కు వెనక బరువు ఉండదు. ఆ వాల్వు లేకపోతే వాన రోడ్డు మీద వెనక చక్రాలు ముందే లాకై తోక తిరిగిపోతుంది.

పైపులు స్టీలువే వాడండి, చివరలు డబుల్ ఫ్లేరు. ఏసీ మెకానిక్ దగ్గర దొరికే రాగి గొట్టం బ్రేకుకు పనికిరాదు.

ఎయిర్ తీసేటప్పుడు బండి బరువు చక్రాల మీద ఉండాలి. యాక్సిల్ వేలాడుతుంటే ఆ లోడు వాల్వు వెనకకి ఆయిల్ సరిగా వదలదు. మన బండ్లకు మాస్టర్ సిలిండరు కుడి పక్కన ఉంటుంది కాబట్టి దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టండి.

హ్యాండ్ బ్రేకు: ఇక్కడ తొందరపడొద్దు

కేబుల్ ఇంకా కలపలేదు కదా? కలపకండి.

లివరున్న క్యాలిపర్ లోపల ఏముందో తెలిస్తే సగం పని అయినట్టే. పిస్టన్ లోపల ఒక మరమేకు, దాని మీద నట్టు ఉంటాయి. కేబుల్ లివర్ని లాగితే మరమేకు ముందుకి తోసి ప్యాడ్‌ను నొక్కుతుంది. ప్యాడ్ అరిగే కొద్దీ ఆ నట్టు కొంచెం కొంచెం తిరిగి సందు పూడుస్తుంది. కొన్ని రకాల్లో ఇది పెడల్ తొక్కితే జరుగుతుంది, కొన్నింట్లో హ్యాండ్ బ్రేకు వేసి వదిలితే జరుగుతుంది. ఏ రకమైనా షరతు ఒకటే: బ్రేకు వదిలినప్పుడు లివరు పూర్తిగా వెనక్కి వెళ్లి తన ఆపుడు మొట్టను, అంటే అది ఆగేందుకు క్యాలిపర్ మీద ఉండే అడ్డును, తాకాలి. కేబుల్ బిగువుగా ఉండి లివరు ఆ మొట్టకు రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆగిపోయిందా, సర్దుబాటు తప్పుడు చోట మొదలవుతుంది. ప్యాడ్ అరుగుతుంది, సందు పెరుగుతుంది, పిస్టన్ ఎక్కువ దూరం రావాలి, పెడల్ కిందకి పోతుంది. అప్పుడు మెకానిక్ ఏం చేస్తాడు? హ్యాండ్ బ్రేకు వదులైందని కేబుల్ ఇంకా బిగిస్తాడు. నీళ్ల ట్యాంకు కారుతోందని మోటారు ఆన్ చేసినట్టు ఉంటుంది ఆ వైద్యం.

కాబట్టి వరస ఇది. ఈ వరస మార్చకండి.

పిస్టన్‌ను సీ క్లాంపుతో నొక్కకండి, లోపలి మర పాడవుతుంది. తిప్పుతూ లోపలికి పంపాలి, దానికి టూలు దొరుకుతుంది. కొన్ని క్యాలిపర్లలో ఎడమది ఎదురు వైపు తిరుగుతుంది, బలవంతం చేయకండి. పిస్టన్ ముఖం మీద గాడులుంటాయి, లోపలి ప్యాడ్ వెనక చిన్న బొడిపె ఉంటుంది. ఆ బొడిపె గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే పిస్టన్ కూడా నట్టుతోపాటు తిరుగుతుంది, సందు పూడదు. ఇది చూసుకునేవాళ్లు నాకు చాలా తక్కువ కనిపించారు.

ప్యాడ్లు పెట్టి, ఎయిర్ తీసి, పెడల్ మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ, గట్టిపడేదాకా తొక్కండి. తర్వాత కిందకి దిగి, రెండు క్యాలిపర్ల లివర్లనూ పానాతో పట్టి చేత్తో లాగి వదలండి. ప్యాడ్లు డిస్కును పట్టడం, వదిలితే లివరు టక్కున మొట్ట దగ్గరికి రావడం తెలియాలి. రాకపోతే లోపల తుప్పుందని అర్థం. ఆ క్యాలిపర్‌ను వాపసు ఇచ్చేయండి, స్ప్రింగు బలంగా ఉన్నది వేస్తే సరిపోతుందని ఎవరూ చెప్పకూడదు. మళ్లీ పెడల్, మళ్లీ లివరు. కుడి ఎడమ లివర్ల కదలిక ఒకేలా వచ్చేదాకా చేయండి.

ఇప్పుడు కేబుల్. గొట్టం చివర ఆధారం క్యాలిపర్ ఒంటి మీదే ఉండాలి. కదలని బ్రాకెట్ మీద పెడితే, ప్యాడ్లు అరిగి క్యాలిపర్ జరిగే కొద్దీ కేబుల్ లెక్క మారిపోతుంది. పాత లివరు సీటు పక్కన ఎంత తీగ లాగుతుందో, క్యాలిపర్ లివరుకు ఎంత కావాలో స్కేలుతో కొలవండి. డ్రమ్ముకు సరిపడే లాగుడు క్యాలిపర్‌కు చాలకపోవచ్చు. చాలకపోతే కేబుల్ బిగించి సరిపెట్టకూడదు, మధ్యలో లివరు మార్చి నిష్పత్తి సరిచేయాలి. మధ్యలో రెండు కేబుళ్లను పంచే ఈక్వలైజర్ వాలడానికి వీలుండాలి. దాన్ని వెల్డింగుతో బిగించేసిన బండ్లు కూడా చూశాను, వాటికి ఒక పక్క చక్రమే పట్టుకుంటుంది.

అసలు మెలిక ఇక్కడుంది. కేబుల్ సర్దుబాటు స్టాండ్ల మీద చేస్తారు, అదే తప్పు. లోడు పడితే కమాన్ పట్టీలు చదునవుతాయి, పొడవు పెరుగుతాయి. పట్టీ ముందు చివర కదలదు కాబట్టి యాక్సిల్ వెనక్కి జరుగుతుంది, కేబుల్ దానంతట అదే బిగుస్తుంది. ఖాళీ బండిలో సరిగ్గా మొట్టకు తాకిన లివరు, ఇసుక లోడు పడగానే మొట్ట వదిలేస్తుంది. ఇంకేముంది, బ్రేకులు రుద్దుకుంటూ డిస్కు ఎర్రబడుతుంది. చక్రాలు నేల మీద పెట్టి, వెనక మామూలుగా వేసే బరువంతా వేసి, అప్పుడు రెండు లివర్లూ మొట్టకు ఆనుకున్నాయో లేదో చూడండి. మొట్టకు లివరుకు మధ్య కాగితం దూరకూడదు. తర్వాత బరువు దించి, యాక్సిల్ పూర్తిగా వేలాడదీసి మరోసారి చూడండి. ఇన్ని చోట్లా లివరు మొట్ట దగ్గరే ఉంటేనే కేబుల్ సరైన పొడవు. సీటు పక్కన హ్యాండ్ బ్రేక్ లివరు గట్టిగా లాగితే 5 నుంచి 8 క్లిక్కుల మధ్య పట్టుకోవాలి. మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ఖాయం.

ఇంత తిప్పలెందుకు, హ్యాండ్ బ్రేకు తీసేసి పెడల్ తొక్కి ఆయిల్ లైన్ మూసే వాల్వు పెట్టేద్దామనే వాళ్లున్నారు. వద్దు. ఆయిల్ చల్లబడితే కుంచించుకుంటుంది, సీలు చెమ్మగిల్లినా ప్రెషర్ పోతుంది. పార్కింగ్ బ్రేకును మెకానికల్‌గానే పట్టి ఉంచాలని వాహన బ్రేకుల మీద ఐక్యరాజ్యసమితి 13వ నియమం కూడా చెబుతుంది. నిండా లోడున్న బండి 18 శాతం వాలులో ఎటు ముఖం పెట్టినా కదలకూడదన్నది అందులోని కొలత.

నా మటుకు నాకు, దొరికితే, డిస్కు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే టోపీ లోపల చిన్న షూలతో వచ్చే పార్కింగ్ బ్రేకే ఇష్టం. బరువు మోసే బండికి అదే వేయాలి. వేరేది వేసేవాళ్లతో నేను వాదించను గానీ కారణం మాత్రం చెబుతాను. ఘాట్ దిగి వ్యూ పాయింట్ దగ్గర ఆపి హ్యాండ్ బ్రేకు లాగారనుకోండి. డిస్కు అప్పుడు వేడిగా, మందంగా ఉంటుంది. చల్లబడే కొద్దీ సన్నబడుతుంది, లివరు మాత్రం లాగిన చోటే ఉంటుంది, పట్టు సడలుతుంది. కాఫీ తాగి వచ్చేసరికి బండి కదిలి ఉండొచ్చు. డ్రమ్ములో దీనికి పూర్తిగా రివర్సు: చల్లబడితే డ్రమ్ము కుంచించుకుని షూలను ఇంకా గట్టిగా పడుతుంది. టోపీ లోపలి షూలకు దిగుడులో పనే ఉండదు కాబట్టి అంత వేడీ ఎక్కదు. లివరున్న క్యాలిపరే వేసుకున్నారంటే, వేడి మీద ఆపిన ప్రతిసారీ పది నిమిషాల తర్వాత లివర్ని మళ్లీ గట్టిగా లాగండి, గేరులో ఉంచండి, చక్రానికి దిమ్మ వేయండి.

రోడ్డు మీదకి

ఖాళీ రోడ్డు మీద తెల్లవారుజామున 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా తగ్గిస్తూ పదిసార్లు తొక్కండి. మధ్యలో డిస్కులు చల్లబడనివ్వండి, పూర్తిగా ఆగి పెడల్ తొక్కి ఉంచకండి. ఖాళీ మైదానంలో గట్టిగా తొక్కితే ముందు చక్రాలే మొదట లాకవ్వాలి. వెనకవి ముందు లాకైతే ఆ బండిని బయటికి తీయొద్దు, క్యాలిపర్ లెక్కకే మళ్లీ వెళ్లండి.

హ్యాండ్ బ్రేకు పరీక్షకు వాలు కావాలి. విశాఖలో వాలుకు కరువేమిటి, సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కి జనం మధ్య చేయనక్కర్లేదు, మీ వీధిలోనే దొరుకుతుంది. ఇసుక బస్తాలు వేసి, దిమ్మలు చక్రానికి జానెడు దూరంలో పెట్టి, సీట్లో మనిషిని పెడల్ మీద కాలు ఉంచమని చెప్పి, హ్యాండ్ బ్రేకు వేసి న్యూట్రల్ చేయండి. ముఖం పైకి ఒకసారి, కిందకి ఒకసారి.

మొదటి 500 కిలోమీటర్లకు బ్రాకెట్ బోల్టులు టార్కు రెంచితో మళ్లీ చూడండి, రెండు లివర్లూ మొట్టకు ఆనుకుంటున్నాయో లోడుతో మళ్లీ చూడండి. కొత్త కేబుల్ కాస్త సాగి ఉంటుంది, అప్పుడు సర్దొచ్చు. హార్బర్ వైపు తిరిగే బండి అయితే ట్రిప్పు అయిన ప్రతిసారీ వెనక యాక్సిల్ మంచినీళ్లతో కడగండి. లివరు దగ్గర రబ్బరు బూటు చిరిగితే మార్చే దాకా ఆ బండితో ఘాట్ ఎక్కకండి.